పొగాకు మానుట: ఒకరికొకరు తోడు

మా సంఘము లెక్కలు తనిఖీ చేయుటకు వచ్చిన ఆడిటరుగారు ఒక పద్దు మీద వేలు పెట్టి, "కార్యదర్శిగారూ, దీనికి రశీదు ఏది?" అని అడిగినారు. "సభ్యుల మర్యాద ఖర్చు" అను ఆ పద్దు క్రింద చాయపత్తి, చక్కెర, తంబాకు, సున్నము అని మా చేతివ్రాతతోనే వ్రాసి యున్నది. నూలు తీసికొనిపోవుటకు వచ్చిన సభ్యుడు కొంతసేపు కూర్చొనును. చాయ త్రాగును. బీరువా ప్రక్కనున్న రేకు పెట్టెలోనుండి చిటికెడు తంబాకు తీసి అరచేతిలో సున్నముతో నలిపి దవడన పెట్టుకొని, నూలు చిక్కముల లెక్క చూచుకొని వెళ్ళును. ఆ పెట్టె మాకంటె ముందున్న కార్యదర్శిగారి కాలము నుండియు అక్కడనే యున్నది. ఆడిటరుగారి అభ్యంతరము రశీదును గురించియే గాని తంబాకును గురించి కాదు. నిజము చెప్పవలెనన్న ఆనాడు మాకును రశీదు ధ్యాసయే గాని వేరొకటి తోచలేదు.

ఆ నెలలోనే మా సభ్యులలో ఒక పెద్దాయన ముంబయిలో దవడకు ఆపరేషను చేయించుకొని తిరిగి వచ్చినాడు. నలువది యేండ్లు గుంట మగ్గము మీద కూర్చున్న మనిషి. చీర అంచు వేయుటలో ఈ షోలాపూరు తూర్పు పేటలలో ఆయనకు సాటి వచ్చువారు తక్కువ. సగము దవడ తీసివేసినారు. నెలసరి మీటింగునకు వచ్చి మూల కూర్చున్నాడు. మాట స్పష్టముగా రాదు గనుక ఆయన భార్యయే చెప్పినది: "మీరందరు మంచోళ్ళే. ఈయనకు ఎవ్వరు చెడు చేయలే. కని ఆ పెట్టె ఇంక ఈడనే ఉన్నదేంది, సెక్రటరీ అన్నా?"

ఆ ప్రశ్నకు మా వద్ద సమాధానము లేకపోయినది. అప్పటికి మా దవడలోనే తంబాకు ఉన్నది.

అందువలన ఈ వ్యాసము ఉపదేశముగా వ్రాయబడినది కాదని పాఠకులు ముందే గ్రహింప గోరుచున్నాము. షోలాపూరు, భివండి, ఇచ్చల్‌కరంజి మొదలగు ఊళ్ళలో మగ్గములు నమ్ముకొని బ్రదుకుచున్న మన తెలుగు కుటుంబములలో ఈ అలవాటు లేని ఇల్లు వెదకి పట్టుకొనవలసినదే. 2016–17లో జరిగిన దేశవ్యాప్త సర్వేలో పెద్దవారిలో నూటికి 28.6 మంది ఏదో ఒక రూపమున పొగాకు వాడుచున్నట్లు తేలినది. పొగ త్రాగువారు 10.7 మంది కాగా, నమలుట, పండ్లకు రుద్దుకొనుట మొదలగు పొగలేని రూపములలో వాడువారు 21.4 మంది. అనగా మన దేశములో పొగాకు జబ్బు పొగలోకంటె నోటిలోనే ఎక్కువగా ఉన్నది. నేతపనివారిలో ఇది వింత కాదు. బీడీ త్రాగవలెనన్న చేయి కావలెను, అగ్గిపుల్ల కావలెను; నూలు ప్రక్కన నిప్పురవ్వ ఎంత ప్రమాదమో మనకు వేరే చెప్పనక్కరలేదు. తంబాకునకు అవేవియు అక్కరలేదు. చేతులలో నాడె ఆడుచుండగనే అది దవడన పడియుండును. గంజి ధూళికి, దూది ధూళికి ఎండిన నోటికి తడి అనిపించును. రాత్రి పొద్దుపోయినప్పుడు నిద్రను ఆపును. ఇంకొకటి కూడ ఉన్నది, దానిని మనవారు బయటికి చెప్పరు: ఆకలిని చంపును. కూలి సరిగా అందని వారములలో ఆ గుణము ఎంతమంది నేతగాండ్లకు తోడైనదో మాకు తెలియును.

కనుక "చెడు అలవాటు, మానుకో" అన్నంతమాత్రమున మానునది కాదు. పొగాకులోని నికోటిన్ అను పదార్థము మెదడునకు అలవాటగును. అది అందనప్పుడు చిరాకు, తలనొప్పి, నిద్ర పట్టకపోవుట, మనసు నిలువకపోవుట, మలబద్ధకము కలుగును. మొదటి రెండు మూడు దినములు అన్నిటికంటె కష్టము. తరువాత మెల్లగా తగ్గి రెండు మొదలు నాలుగు వారములలో చాలవరకు పోవును. ఎవరి సహాయమును లేకుండ తమంతట తాము సిగరెట్టు మానదలచినవారిలో ఆరు మాసములు, ఏడాది దాటి నిలుచువారు నూటికి 3 నుండి 5 మంది మాత్రమేనని పరిశోధకులు లెక్క కట్టినారు. ఈ అంకె విన్నప్పుడు మాకు దిగులునకు బదులు ధైర్యము కలిగినది. అంతకుముందు మూడుసార్లు మాని మూడుసార్లు తిరిగి పట్టిన మేము, మనలోనే ఏదో లోపమున్నదని తలచియుంటిమి.

మొదట మేము చేసిన పని తెలివితక్కువది. దానిని దాచనక్కరలేదు. పెట్టెను తీసివేసితిమి, అంతవరకు బాగున్నది. కాని ఆ ఉత్సాహములో పదునొకండుగురము మార్కండేయస్వామి గుడిలో ప్రమాణము చేసి, ఎవరైన తంబాకు వేసినట్లు కనబడిన 50 రూపాయలు దండుగ అని తీర్మానించితిమి. ఫలితమేమి? అందరును చాటున వేసికొనుట నేర్చినారు. ఒకరు పాయఖానాలో వేసికొనినారు. ఒకరి కొడుకు తండ్రి మీద చాడీ చెప్పి రెండు దెబ్బలు తిన్నాడు. అన్నదమ్ములిద్దరు, ఒకరినొకరు పట్టించుకొని, నెల దినములు మాటలాడుకొనలేదు. సంఘమునకు దండుగల వలన వచ్చినది 350 రూపాయలు, పోయినది సభ్యుల మధ్యనున్న నమ్మకము. రెండవ నెల మీటింగులో ఆ సొమ్ము తిరిగి ఇచ్చివేసి, తీర్మానమును కొట్టివేసితిమి.

అప్పుడు మా పేటలో ఉన్న ఒక డాక్టరుగారిని పిలిచితిమి. ఆయన మరాఠీలో చెప్పగా మాలో ఒకరు తెలుగు చేసినారు. ఆయన చెప్పిన వాటిలో మాకు అన్నిటికంటె పనికివచ్చినది చిన్న మాట. పొగాకు మీద యావ పుట్టినప్పుడు అది మనిషి జన్మమంతయు నిలుచునట్లే తోచును గాని, నిజమునకు అయిదు పది నిమిషములలో తనంతట తానే దిగిపోవును. ఆ కాస్తసేపు చేతికి, నోటికి వేరొక పని ఇచ్చిన చాలును. ఇది విని వెనుక కూర్చున్న ఒక ముసలి కాక, "అంటే రెండు కండెలన్నట్టు" అన్నాడు. అందరును నవ్విరి గాని లెక్క సరిగానే ఉన్నది. నాడెలో కండె అయిపోయి, మరియొకటి పెట్టుకొని, అదియు అయిపోవునప్పటికి యావ దిగిపోవును. అప్పటినుండి మా షెడ్డులో అదే మాట వాడుకలో పడినది. ఎవరైన నేయుచు నేయుచు జేబు తడుముకొనిన, ప్రక్క మగ్గమువాడు "కండె మార్చు అన్నా" అనును. అంతే. ఇంకొక మాట అనడు.

తరువాత జంటలు కట్టితిమి. ప్రక్క ప్రక్క మగ్గముల వారిని ఇద్దరిద్దరిగా కలిపినాము. ఒకరికొకరు తోడు. తోడునకు మూడు కట్టుబాట్లు: తిట్టరాదు, నవ్వరాదు, ఇంటివారికి చెప్పరాదు. మనసు తప్పినప్పుడు ఏ వేళనైనను పిలువవచ్చును, పిలిచిన రావలెను. వచ్చి ఏమి చేయవలెను? ఏమియు అక్కరలేదు, కూర్చొనవలెను. మరమగ్గములపై పనిచేయు పిల్లలది వేరు ఇబ్బంది. పన్నెండు గంటల రాత్రి పాళీ, ఆ చప్పుడులో ప్రక్కవాని మాట వినబడదు. వారు తమలో తాము ఒక ఉపాయము చేసికొనిరి: యావ వచ్చినప్పుడు తోడునకు మిస్డ్ కాల్ ఇచ్చుట, అవతలివాడు తిరిగి మిస్డ్ కాల్ ఇచ్చుట. ఒక పైసా ఖర్చు లేదు, ఒక మాట అక్కరలేదు. "నేనున్న" అని దాని అర్థము.

సంఘము పక్షమున మేము చేసిన సహాయములలో ముఖ్యమైనది ఒకటి కలదు, ఇతర సంఘముల కార్యదర్శులు దయచేసి గమనింపవలెను. మానిన మొదటి పదిహేను దినములలో చేయి వణకును, చూపు నిలువదు, పోగులు ఎక్కువగా తెగును. అతుకులు కనబడును. అట్టి బట్టకు మామూలుగా కూలిలో కోత పడును. ఇంటిలో చిరాకు, మగ్గము మీద తప్పులు, శనివారము కూలిలో కోత, ఇవి మూడును కలిసినచో ఏ మనిషియు నిలువడు. అందుచేత మానుచున్న సభ్యుని బట్టకు ఆ పదిహేను దినములు కోత పెట్టరాదని కమిటీ తీర్మానించినది. కొందరు సభ్యులు అభ్యంతరము చెప్పిరి, "మంచిగ నేసేటోని కష్టము ఎవరు భరించాలె?" అని. న్యాయమైన ప్రశ్నయే. నష్టము లెక్క వేసి చూడగా మేము ఏటేట తంబాకు పెట్టె మీద పెట్టిన ఖర్చులోనే సరిపోయినది. అటుపిమ్మట ఎవరును మాటలాడలేదు.

ఇంటి ఖర్చు లెక్క కూడ ఒకటి చెప్పుదుము. దినమునకు 20 రూపాయల తంబాకు అనుకొన్నను సంవత్సరమునకు 7,300 రూపాయలు. మాలో ఒకరు ఆ సొమ్మును వేరే డబ్బాలో వేసి, ఏడాది తిరుగకముందే కొత్త అచ్చు కొనుక్కొన్నారు.

ఇక మా సంగతి. మేము పంతొమ్మిదవ యేట తంబాకు పట్టినవారము. జంటలు కట్టిన దినమున మేమును మానితిమి. మా తోడు మాకంటె పదునెనిమిదేండ్లు చిన్నవాడు, మరమగ్గపు పిల్లవాడు. నలువది ఒక్క దినము సాగినది. ఆ తరువాత నూలు ధర పెరిగి, రావలసిన బిల్లు రాక, సభ్యులకు కూలి ఇచ్చుటకు డబ్బు చాలని ఒక శనివారము రాత్రి, సంఘము తలుపు మూసి వీధి చివర కొట్టునకు వెళ్ళి ఒక పొట్లము కొంటిమి. అందరికి చెప్పు కార్యదర్శి తానే పొట్లము కొనుట ఎంత సిగ్గో వ్రాయజాలము. మరునాడు ఆ పిల్లవానికి ముఖము చూపక తప్పించుకొని తిరిగితిమి. సాయంకాలము వాడే వచ్చినాడు. మా నోరు చూచి తెలిసికొన్నాడు. "కాక, ఎన్నిసార్లు ఏసినవ్?" అన్నాడు. "రెండుసార్లు." "మిగిలింది ఏడ పెట్టినవ్?" తీసి ఇచ్చితిమి. మోరీలో పారవేసి వచ్చి, "మల్ల ఇయ్యాల్టి నుంచి లెక్క వెట్టుకుందాం. నలభై ఒక్క రోజులు ఏడికి పోలే, నీ ఒంట్లెనే ఉన్నయి" అని, మరేమియు అనక చాయ తెమ్మన్నాడు. వానికి ఎవరు నేర్పినారో గాని, ఇంతకంటె తగిన మాట ఏ డాక్టరును చెప్పలేడని మా అభిప్రాయము. ఒకసారి జారినవాడు మొదటికి వచ్చినాడని అనుకొనుటయే వానిని నిజముగా మొదటికి తెచ్చును.

స్త్రీల విషయమున మేము చాల ఆలస్యముగా మేల్కొంటిమి. మా కమిటీలో అందరును మగవారమే. ఒకనాడు ఒక అత్త సంఘమునకు వచ్చి, "మీ మొగోళ్ళకే యావ ఉంటదా? మేము పండ్లకు రుద్దే మిశ్రీ సంగతి ఎవరన్న అడిగిన్రా?" అన్నది. మిశ్రీ అనగా తంబాకును మాడ్చి నూరిన పొడి. ఈ ప్రాంతమున మన స్త్రీలలో ఎందరో ఉదయము, మధ్యాహ్నము, రాత్రి దానితో పండ్లు రుద్దుకొందురు. పండ్లపొడి గదా అని ఎవరును దానిని తంబాకు లెక్కలో చేర్చరు. అదియు తంబాకే, అదియు అలవాటగును, గర్భిణులకు మరింత కీడు, పుట్టు బిడ్డ బరువు తగ్గును. వీరికి మగవారితో జంట కుదరదు గనుక మంగళవారము మధ్యాహ్నము వేరే కూర్చొనుచున్నారు.

అక్కడనే మేము జవాబు చెప్పలేని మాట కూడ పుట్టినది. మన ఇండ్లలో మగవాడు మగ్గము మీద ఉండగా ఆడది బీడీలు చుట్టుట ఈ ఊరిలో కొన్ని తరముల నుండి ఉన్నదే. తునికాకు కత్తిరించి, పొగాకు నింపి, దారము కట్టి, దినమునకు వేయి బీడీలు చుట్టిన గాని కూలి గిట్టదు. చేతిమగ్గములు తగ్గిపోయిన పిమ్మట ఎన్నో కుటుంబములను నిలిపినది ఆ చేటయే. బీడీ కార్మికులకు 1966లో చట్టము, 1976లో సంక్షేమ నిధి ఊరక రాలేదు, మన ఆడవారు రోడ్డుమీద కూర్చొని పోరాడిన ఊరు ఇది. మంగళవారము కూటమిలో ఒక వదినె అడిగినది: "మీరు అందరు మానుడు మానుడు అంటున్నరు. మానితే మా బీడీలు కొనేటోడెవడు? మా పొయ్యి ఎట్ల మండాలె?"

ఆమెకు ఇచ్చుటకు మా సంఘము వద్ద పని లేదు. ఉన్న మగ్గములకే నూలు అందించలేకున్నాము. ఆమెతో మేము వాదింపలేదు. చెప్పగలిగినది ఒక్కటే చెప్పితిమి: బీడీ త్రాగకున్నను చుట్టువారి ఊపిరిలోనికి ఆ ధూళి పోవును, చేతి చర్మము గుండ నికోటిన్ లోనికి దిగును, కనుక కిటికీ తెరచి కూర్చొనుట, ముక్కునకు గుడ్డ కట్టుకొనుట, చేతులు కడుగక అన్నము ముట్టకుండుట, పసిబిడ్డను చేట ప్రక్కన పరుండబెట్టకుండుట. ఆమె విని, "గది చేస్త" అన్నది. తాను మాత్రము మిశ్రీ మానినది, బీడీలు చుట్టుచునే యున్నది. ఈ చిక్కు మా సంఘముతో తీరునది కాదు. ఇతర ఊళ్ళలో ఎవరైన బీడీ కుటుంబములకు వేరు పని చూపగలిగియుంటే మాకు వ్రాయవలెనని కోరుచున్నాము.

కొన్ని అపోహలను గురించి కూడ రెండు మాటలు వ్రాయవలసి యున్నది. బీడీ చిన్నది గనుక సిగరెట్టుకంటె మేలని మనవారనుకొందురు. అది నిజము కాదు. తునికాకు గుండ గాలి ఆడదు, ఆరిపోకుండ గట్టిగాను మాటిమాటికిని పీల్చవలెను, అందువలన విషము తక్కువగా పోదు. తంబాకు మాని వక్కపొడి పట్టినవారు మాలో ఇద్దరు ఉండిరి. ఉత్త వక్క కూడ క్యాన్సరు కలిగించునని నిపుణులు నిర్ణయించినారు. దాని వలననే నోరు బిగిసి తెరచుకొనకపోవు జబ్బు వచ్చును. మూడు వ్రేళ్ళు నిలువుగా నోట పట్టనివారు, నోటిలో తెల్లని గాని ఎఱ్ఱని గాని మచ్చ ఉన్నవారు, రెండు వారములైనను మానని పుండు ఉన్నవారు వెంటనే డాక్టరునకు చూపుకొనవలెను. మా పెద్దాయన పుండు వచ్చిన తరువాత ఎనిమిది నెలలు చూపుకొనలేదు. గుట్కా సంగతి వేరే చెప్పనక్కరలేదు. మహారాష్ట్రలో 2012లోనే నిషేధించినారు, అయినను చాటుగా దొరకుచునే యున్నది, పాన్ మసాలా, తంబాకు వేరు వేరు పొట్లములుగా కొని కలుపుకొనుచునే యున్నారు.

వక్కకు బదులు మేము సోపు, లవంగము, ఎండబెట్టిన ఉసిరిక ముక్కలు ఉంచుచున్నాము. ఎక్కువ మోతాదు వాడినవారు డాక్టరు సలహాతో నికోటిన్ చూయింగ్ గమ్ వాడినారు, 2 మిల్లీగ్రాములది మందుల కొట్టులో దొరకును. దానిని మామూలు చూయింగ్ గమ్ వలె గబగబ నమలరాదు. కొంచెము నమిలి దవడన ఉంచి, మరల నమలవలెను. తంబాకు దవడన పెట్టిన మనవారికి ఈ విద్య ఎవరును నేర్పనక్కరలేకపోయినది. ప్రభుత్వమువారి ఉచిత టెలిఫోను 1800-11-2356 కలదు; ఆ నంబరు 2018 నుండి పొట్లముల మీదనే ముద్రించుచున్నారు. మాలో నలుగురు పిలిచిరి. మొదట సిగ్గుపడినారు గాని, అటు మాటలాడినవారు ఓపికగా విని, మానదలచిన దినము అడిగి, తరువాత తామే తిరిగి పిలిచినారని చెప్పిరి.

మొదటి పదునొకండుగురిలో ఇప్పటికి ఏడుగురు నిలిచియున్నారు. ఇద్దరు మరల మొదలుపెట్టి మరల జంటలో చేరినారు. ఒకరు ఊరు విడిచి కొడుకు వద్దకు భివండి వెళ్ళినారు, ఎట్లున్నారో తెలియదు. ఒకరు పట్టువదలక వేసికొనుచునే యున్నారు. ఆయన నూలునకు వచ్చినప్పుడు మేము చాయ ఇచ్చుచునే యున్నాము, ఆ విషయము ఎత్తుట లేదు.

జంధ్యాల పౌర్ణమి నాడు, రథోత్సవమునకు పోవుటకు ముందు, ఉదయము 7 గంటలకు సంఘము కార్యాలయములో కొత్త జంటలు కట్టబడును. సాఖర్ పేఠ్, దాజీ పేఠ్, భద్రావతీ పేఠ్ వైపువారు పేర్లు ముందుగా ఇచ్చిన సౌకర్యముగా నుండును. పేర్లు గోడకు అంటించము, పుస్తకములోను వ్రాయము. రేకు పెట్టెను పారవేయలేదు, అందులో ఇప్పుడు సోపు ఉన్నది, దానికి రశీదు కూడ ఉన్నది. పెద్దాయన వారమునకు రెండు దినములు మగ్గము మీద కూర్చొనుచున్నారు. కొత్తవారికి అంచు వేయుట నేర్పుదునని ఒప్పుకొన్నారు.